ఆటపాటలలో దయను నాటిన రేడియో అన్నయ్య



జెకర్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో పాడైన యెరూషలేము తిరిగి నెమ్మది పొందు దినమును గూర్చి మనము చదువుదుము. ఆ నెమ్మదికి గురుతుగా ప్రవక్త కోటలనుగాని బంగారపు గుమ్మములనుగాని చూపలేదు. వీధులలో తీరికగా కూర్చున్న ముసలివారిని, వారి కన్నుల యెదుట ఆడుకొను పిల్లలను చూపెను. పిల్లల ఆట దేవుని దృష్టిలో చిన్న సంగతి కాదు. మన పల్లెలలో మాత్రము ఆటయనగా పని లేనివారి పని యనియు, చదువుకు శత్రువనియు అనుకొనువారు చాలమంది యున్నారు.

ఈ మాసము మేము ఒక తెలుగు పెద్దమనిషి జీవితమును మీ యెదుట నుంచ గోరుచున్నాము. ఆయన మన సంఘ చరిత్రలోని వ్యక్తి కాదు. బోధకుడు కాదు, మిషనెరీ కాదు. అయినను పసిపిల్లలకు మంచితనము ఏ త్రోవను చేరునో ఆయన బాగుగా నెరిగినవారు. ఆయన పేరు న్యాయపతి రాఘవరావుగారు. ఆ పేరు చెప్పిన కొందరికి తెలియకపోవచ్చును. రేడియో అన్నయ్య యని చెప్పినయెడల మన సంఘములలోని వృద్ధులు చిరునవ్వు నవ్వుదురు.

రాఘవరావుగారు 1905వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన గంజాం జిల్లా బరంపురములో జన్మించిరి. ఆ ప్రాంతము ఆ కాలమున మద్రాసు రాజధానిలో నుండెను. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు దానిలో కలిసెను. ఆయన పసితనమునాటి బడులు ఎట్టివో మన తాతలు చెప్పగా విన్నాము. వీధిబడి పంతులుగారి చేతిలో బెత్తము తప్పక యుండెడిది. పాఠము అప్పజెప్పలేని పిల్లవానికి గోడకుర్చీ వేయించెడివారు. కోదండము కట్టి వ్రేలాడదీసెడివారు. నీతిపద్యములు కంఠస్థము చేయించుటయు ఆ బెత్తము నీడనే జరిగెను. దయను గూర్చిన పద్యమును దయలేని చేతిక్రింద నేర్చిన బిడ్డకు పద్యము వచ్చెను గాని దయ వచ్చెనా యని మనము అడుగవలసియున్నది.

చదువు ముగిసిన తరువాత రాఘవరావుగారు చెన్నపట్టణము చేరిరి. 1938వ సంవత్సరము జూన్ 16వ తేదీన అచ్చట ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమాయెను. అరవముతోపాటు తెలుగు కార్యక్రమములును ఆ కేంద్రమునుండి వెలువడెను. వాటిలో పిల్లల కార్యక్రమమును నడుపు పని రాఘవరావుగారికిని, ఆయన భార్య కామేశ్వరిగారికిని లభించెను. అక్కడినుండి ఆయన రేడియో అన్నయ్య, ఆమె రేడియో అక్కయ్య. లోకమునకు వారు భార్యాభర్తలు. పిల్లలకు మాత్రము అన్నయ్యయు అక్కయ్యయు.

ఈ పిలుపులో ఒక గొప్ప వివేకము దాగియున్నది. మాస్టారు అనియైనను, మామయ్య అనియైనను వారు పిలిపించుకొనవచ్చును. తెలుగు ఇంటిలో అన్నయ్య యెవరు? తండ్రి యెదుట నోరు మెదపని బిడ్డ అన్నయ్య మెడ పట్టుకొని వ్రేలాడును. అమ్మతో చెప్పలేని తప్పును అక్క చెవిలో చెప్పును. తల్లి కలుపు తీయబోయినప్పుడు అక్క చంకనెక్కి పెరిగిన పిల్లలు మన పల్లెలలో ఎందరో. అన్నయ్య పెద్దవాడే, గాని ఆటలో కూర్చుండునంత దగ్గరవాడు. ఎత్తయిన కుర్చీమీదనుండి నీతి చెప్పక, క్రింద చాపమీద కూర్చుండి ఆడుచు నేర్పుటయే ఆ దంపతుల పద్ధతి.

వారు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. పిల్లలను చేర్చి పాటలు, కథలు, నాటికలు, పొడుపుకథలు నేర్పి, ఆ పిల్లలచేతనే రేడియోలో వినిపించుచుండిరి. పెద్దలు మాటలాడగా పిల్లలు వినుట కాదు; పిల్లలు పాడగా ఊరెల్ల వినుట. ఆ దినములలో కార్యక్రమములు చాలవరకు ముందు రికార్డు చేయక నేరుగా ప్రసారమగుచుండెను. అట్టి చోట పలువురు పిల్లలు కలిసి పాడుటలో ఎంత శిక్షణ యున్నదో ఆలోచించుడి. ఒకరు పాడునప్పుడు తక్కినవారు దగ్గక, నవ్వక కనిపెట్టుకొని యుండవలెను. ప్రక్కనున్నవాడు మాట మరచినయెడల మెల్లగా అందించవలెను. తన వంతు వచ్చువరకు ఓర్చుకొనవలెను. ఓర్పు, సహాయము, ఇతరుల మేలు కోరుట అను ఈ మూడును ఆ బిడ్డకు ఎవరును పాఠముగా చెప్పలేదు. పాట చక్కగా సాగవలెనన్న ఆశయే వాటిని నేర్పెను.

ఈ తలంపు మొట్టమొదట తెలుగునాట పుట్టినది కాదు. దూరదేశములో మనవంటి ఒక పల్లె పాదిరిగారు దీనిని చాలకాలము క్రిందటనే కనుగొనిరి. ఫ్రాన్సు దేశపు తూర్పుకొండలలో వాల్డర్స్‌బాఖ్ అను కుగ్రామమున్నది. 1767లో యోహాన్ ఫ్రీడ్రిష్ ఓబెర్లీన్ అను ప్రొటెస్టెంటు కాపరి అచ్చటికి వచ్చెను. ఆ కొండపల్లెల జనులు మిక్కిలి బీదలు. తల్లిదండ్రులు పొలములకు పోగా పసిపిల్లలు ఇండ్లలో దిక్కులేక యుండిరి. సారా బాంజె అను యౌవనస్త్రీ తన ఊరి చిన్నబిడ్డలను చేర్చి అల్లికపని నేర్పుచుండుట చూచి, ఓబెర్లీన్ ఆ పనికి ఆధారము కల్పించెను. అటువంటి చిన్న బడులు ఇతర గ్రామములలోను లేచినవి. బిడ్డలు అల్లుచుండగా కథలు వినిరి, పాటలు పాడిరి, కొండలలో నడచి పువ్వుల పేర్లు నేర్చుకొనిరి. ఓబెర్లీన్ ఇంట పనికి చేరిన లూయిజ్ షెప్లెర్ అను పేద బాలిక ఈ పసిపిల్లల సేవకు తన జీవితకాలమంతయు ధారపోసెను. 1829లో ఫ్రెంచి అకాడమీవారు ఆమె సేవకు బహుమానమిచ్చి గౌరవించిరి.

తరువాత జర్మనీలో ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ లేచెను. ఆయన ఒక పాదిరిగారి కుమారుడు. ఏడాదియైన నిండకమునుపే తల్లిని పోగొట్టుకొనినవాడు. తల్లి ఒడిలో ఆట యెరుగని ఆ బిడ్డ పెద్దవాడై 1837లో బ్లాంకెన్‌బుర్గ్ పట్టణమున పసిపిల్లల ఆటబడిని స్థాపించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టెను. పిల్లల తోట యని దాని అర్థము. తోటమాలి మొక్కను లాగి పెంచడు; నీళ్లు పోసి, కలుపు తీసి, ఎండ తగులునట్లు చూచును. చెన్నపట్టణములో రాఘవరావుగారు కామేశ్వరిగారు చేసినదియు ఈ తోటమాలి పనియే. వారి తోట మాత్రము తెలుగు తోట. దానిలో విరిసినవి తెలుగు పాటలు, తెలుగు కథలు.

రెండవ ప్రపంచయుద్ధపు సంవత్సరములు చెన్నపట్టణమునకు కష్టకాలము. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను జపానువారి బాంబులు పడినవి. చెన్నపట్టణపు జనులు వేలకొలదిగా ఊరు విడిచిపోయిరి. కాగితము దొరకుట కష్టమాయెను. ఆ యుద్ధము ముగిసిన మాసమందే, అనగా 1945 ఆగస్టులో, రాఘవరావుగారు బాల అను మాసపత్రికను ప్రారంభించిరి. తెలుగులో పిల్లలకొరకే వెలువడిన తొలి పత్రికలలో అది ముఖ్యమైనది. చందమామ పుట్టుటకు ఇంకను రెండేండ్లు మిగిలియుండెను. కథలు, గేయములు, బొమ్మలు, చమత్కారములు దానిలో నుండెను. పెద్దల రచనలతోపాటు పిల్లలు తామే వ్రాసి పంపిన వాటికిని చోటు దొరకెను.

ఆ చోటు ఒక బిడ్డకు ఎంత మేలు చేయునో ఒక్క ఉదాహరణ చాలును. ధవళేశ్వరములో పుట్టి, చిన్ననాటనే తండ్రిని పోగొట్టుకొని, చెన్నపట్టణమున లేమితో పెరిగిన ఒక పిల్లవాడుండెను. అతని మొదటి కథ పదునాలుగేండ్ల ప్రాయమున బాలలో అచ్చాయెను. అతడే తరువాత తెలుగువారందరు ప్రేమించిన ముళ్ళపూడి వెంకటరమణగారు. ఆయన స్నేహితుడు బాపుగారి చిన్ననాటి బొమ్మలును ఆ పత్రికలోనే వెలువడినవి. వారిద్దరు కలిసి బుడుగు అను అల్లరిపిల్లవానిని తెలుగు ఇండ్లకు ఇచ్చిరి. తాను పిల్లవాడై యుండగా తన మాటకు విలువనిచ్చిన పెద్దవారిని చూచినవాడు, తాను పెద్దవాడైన తరువాత పిల్లల మాటను ప్రేమతో వినగలడు. దయ ఈలాగున ఒక తరమునుండి మరియొక తరమునకు దిగివచ్చును.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా ఆ దంపతులు హైదరాబాదు చేరిరి. అచ్చటి రేడియో కేంద్రమునుండి బాలానందము వినబడజొచ్చెను. ఆ దినములలో పల్లెలో ఇంటింట రేడియో లేదు. పంచాయతీ కచేరీయొద్దనో, ఊరి పెద్దల అరుగుమీదనో ఉన్న ఒక్క పెట్టె చుట్టు పిల్లలు మూగిరి. అన్ని వీధుల పిల్లలు, అన్ని కులముల పిల్లలు ఒక్క స్వరమును వినిరి. పెట్టెలోని అన్నయ్య నీ వీధి ఏది, నీ కులము ఏది అని యెవరిని అడుగలేదు. ఊరిపేటల మధ్య గీతలు గీచుకొనిన మన గ్రామములకు ఇది చిన్న మేలు కాదు.

వారి ప్రోత్సాహముతో తెలుగుదేశమున అనేక పట్టణములలో బాలానంద సంఘములు పుట్టినవి. 1980 అక్టోబరులో కామేశ్వరిగారు కన్నుమూసిరి. 1984వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన రాఘవరావుగారును ఈ లోకము విడిచిరి. నాలుగు దశాబ్దములకు పైగా గడచినను అన్నయ్య అను ఆ పిలుపు ఆయన పేరును అంటిపెట్టుకొనియే యున్నది.

ఇట్టి జీవితమునుండి మన ఇండ్లకును మన ఆదివారపు బడులకును మూడు సంగతులు తీసికొందము.

మొదటిది, పసిబిడ్డకు నేర్పువాడు బిడ్డ యెత్తుకు దిగవలెను. శిష్యులు ఎవరు గొప్పవాడని వాదించుకొనుచుండగా ప్రభువు ఒక చిన్నబిడ్డను వారి మధ్య నిలువబెట్టెను. రెండేండ్ల బిడ్డ బొమ్మను గుంజుకొని నాది నాది యని యేడ్చినప్పుడు మనము వెంటనే స్వార్థపరుడని నిందింతుము. ఆ వయస్సున ప్రతి బిడ్డయు ఆలాగే చేయును. నాది అనునది తెలిసిన పిమ్మటనే నీది అనునది తెలియును. కేక వేయుటకంటె ఒక చిన్న ఉపాయము మేలు. పిల్లలను గుండ్రముగా కూర్చుండబెట్టి ఒక పాట పాడుడి. పాట ముగియువరకు బొమ్మ ఒకరి చేతిలో, పాట ముగియగానే ప్రక్కవాని చేతిలో. నాలుగు దినములు ఆడిన తరువాత బిడ్డ తానే చేయి చాపి ఇచ్చును. ఇచ్చినది మరల తనయొద్దకు వచ్చునని వాడు చూచెను గనుక భయము పోవును.

రెండవది, బిడ్డకు నిజమైన పని ఇయ్యవలెను. అయిదు రొట్టెలు రెండు చేపలు గల చిన్నవాని సహాయమును ప్రభువు త్రోసివేయలేదు. 2006లో జర్మనీలోని లైప్‌జిగ్ పట్టణమున వార్నెకెన్, టొమసెల్లో అను ఇద్దరు పండితులు ఏడాదిన్నర వయస్సుగల 24 మంది బిడ్డలను పరీక్షించిరి. ఒక పెద్దమనిషి బట్టలు ఆరవేయుచు క్లిప్పును జారవిడిచి, అందుకొనలేక చేయి చాపును. ఇట్టివే మరికొన్ని చిన్న ఇబ్బందులు. ఎవరును అడుగకయే, ఏమియు ఇయ్యకయే, 24 మందిలో 22 మంది ఒక్కసారియైన సహాయము చేసిరి. ఇంకను మాటలు సరిగా రాని బిడ్డలు వీరు! సహాయము చేయు మనస్సు బిడ్డలో ముందే యున్నది. వాడు చీపురు పట్టుకొనగా ఇల్లు పాడుచేయుచున్నావని లాగివేయువారము మనమే. కోళ్లకు గింజలు వేయుట, తాతగారి చెప్పులు తెచ్చియిచ్చుట, మందిరములో పాటల పుస్తకములు పంచుట మూడేండ్ల బిడ్డ చేయగల పనులు. ఆలస్యమగును, అయినను చేయనిండు.

మూడవది, దయకు కూలి కట్టరాదు. ఆ పండితులే 2008లో మరియొక సంగతి కనుగొనిరి. సహాయము చేసిన ప్రతిసారి ఆటవస్తువు బహుమానముగా పొందిన బిడ్డలు, బహుమానము లేనప్పుడు సహాయము చేయుట తగ్గించిరి. ఏమియు పొందనివారును, మంచి మాట మాత్రమే పొందినవారును అంతగా తగ్గించలేదు. తమ్మునికి ఒక ముక్క పెట్టినయెడల నీకు బిస్కట్టు ఇత్తునని చెప్పు తల్లి, తెలియకయే బిడ్డకు వ్యాపారము నేర్పుచున్నది. తమ్ముడు ఎంత సంతోషించెనో చూడుమని వాని ముఖమును చూపుట మేలు. ఆ నవ్వే బిడ్డకు తగిన జీతము.

వీటికి ఖరీదైన వస్తువులు అక్కరలేదు. మన అవ్వలు మనకు ఆటలు విడిచిపోయిరి. గుజ్జనగూళ్లు ఆడు చిన్నపిల్లలను చూడుడి. మట్టిముంతలో ఇసుక అన్నము వండి, ఆకు వేసి, మొదట అందరికి వడ్డించి పిమ్మట తాము కూర్చుందురు. ఆకలిగొన్నవానికి పెట్టుట అచ్చటనే అభ్యాసమగును. కొంచెము పెద్దపిల్లలు చేతులు మెలిపెట్టి పట్టుకొని ఒప్పులకుప్ప తిరుగుదురు. ఒకరు చేయి విడిచినయెడల ఇద్దరును పడుదురు. నీ తోడివానిని గట్టిగా పట్టుకొనుము అను పాఠమును ఇంతకంటె చక్కగా ఏ పుస్తకము చెప్పగలదు?

బైబిలు కథలనుకూడ ఆడించవచ్చును. మంచి సమరయుని కథను మేము మా చిన్నపిల్లలతో ఆడించునప్పుడు అందరును గాడిదగా నుండుటకే పోటీపడుదురు. నవ్వనిండు. ఒకడు త్రోవలో పడియుండును, ఒకతె తువాలు తెచ్చి కట్టు కట్టును, ఒకడు నీళ్లిచ్చును. అయితే వంతులు మార్చి ప్రతి బిడ్డయు ఒకసారి గాయపడినవాడుగా పడుకొనునట్లు చూడవలెను. ఇద్దరు తన్ను చూచి దాటిపోగా నేలమీద పడియుండుట ఎట్లుండునో ఎరిగిన బిడ్డ, మూడవవాడు ఎందుకు మంచివాడో వివరించకయే గ్రహించును.

మా పెద్ద అంబర్‌పేట విజయవాడ రహదారిమీద నున్నది. ఒకప్పుడు చుట్టు పొలములే. ఇప్పుడు నగరపు బాహ్యవలయ రహదారి ఇచ్చటనే కలియుచున్నది. తెల్లవారగానే తలిదండ్రులిద్దరును హయత్‌నగరు, ఎల్.బి.నగరు, దిల్‌సుఖ్‌నగరు వైపు పనులకు పోవుదురు. పసిబిడ్డ అవ్వయొద్ద మిగులును. అవ్వ అలసినప్పుడు సెల్‌ఫోను బిడ్డ చేతికి వచ్చును. ఓబెర్లీన్ చూచిన కొండపల్లె పిల్లలకును వీరికిని భేదము చాల తక్కువ. రేడియోయు ఒక యంత్రమే గదా యని కొందరు అడుగవచ్చును. నిజమే. రేడియో అన్నయ్య ఆ యంత్రముచేత పిల్లలను లేపి పాడించెను, ఆడించెను, ఒకరితో నొకరిని కలిపెను. మనము ఫోనును బిడ్డ కదలక కూర్చుండుటకు వాడుచున్నాము. అది బిడ్డతో కలిసి ఇసుక అన్నము తినలేదు, పడినప్పుడు లేవనెత్తలేదు. పనివారి అలసట మాకు తెలియును. ఎవరిని నిందించుట మా తాత్పర్యము కాదు. రాత్రి భోజనమైన తరువాత పావుగంట, ఒక కథ, ఒక ఆట. అంతమాత్రమే అడుగుచున్నాము.

ఈ పని కన్నవారిది మాత్రమే కాదు. రాఘవరావుగారు, కామేశ్వరిగారు తాము కనని వేలాది బిడ్డలకు అన్నయ్యయు అక్కయ్యయు అయిరి. సంఘములోని యౌవనస్థులారా, పెండ్లికాని అక్కలారా, పిల్లలు దూరమై ఒంటరిగానున్న పెద్దలారా, మీ వీధిలోని అయిదుగురు పసిపిల్లలకు మీరు అన్నయ్య, అక్కయ్య, తాతయ్య కావచ్చును. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన అంగన్‌వాడీ పథకము నేడు మన ఊళ్లలోను నడచుచున్నది. అచ్చటి టీచరమ్మకు వారమునకు ఒక గంట తోడు నిలిచి కథ చెప్పువారున్నయెడల ఎంత మేలు!

రెండేండ్లకు, అయిదేండ్లకు మధ్యనున్న కాలము చాల చిన్నది. ఆ కాలములో చాప పరచుకొని బిడ్డతో కూర్చున్నవాని మాట బిడ్డ ముసలితనమువరకు మరువదు. మన వీధులు ఆడుకొను పిల్లలతో నిండి, ఆ ఆటలో ఒకరినొకరు పట్టుకొని లేవనెత్తు పిల్లలతో నిండియుండునట్లు ప్రభువు మనకు ఓర్పును సంతోషమును దయచేయును గాక.